కార్యదర్శి తెచ్చిన పాతాళ గంగ

కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శినయి 14 నెలలయింది. ఎన్నికల సమావేశం మధ్యలో ఫోన్ వస్తే బయటకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అందరూ నా వైపు చూసి చప్పట్లు కొడుతున్నారు. రాజీనామా చేద్దామంటే అది సర్వసభ్య సమావేశంలోనే ఆమోదం పొందాలట, ఆ సమావేశానికేమో ఏనాడూ కోరం ఉండదు.

మావి 24 ఫ్లాట్లు. ఏప్రిల్ వచ్చిందంటే బోరు బురద కక్కుతుంది. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం లెక్కన ఫ్లాటుకు నెలకు 20,000 లీటర్ల చొప్పున మాకు 4,80,000 లీటర్లు ఉచితం. కాగితం మీద ఆ నీళ్లతో చేపల చెరువు నడపవచ్చు. అందుకు ఆధార్ జత చేయించుకోని యజమానులు ముగ్గురిలో ఇద్దరు డల్లాస్‌లో ఉన్నారు, ఒకరు మా పై అంతస్తులో ఉన్నారు. డల్లాస్ వారిని పట్టుకోవడమే కాస్త సులువు. అసలు చిక్కు ఉచితమా కాదా అన్నది కాదు, వేసవిలో రోజు విడిచి రోజు వచ్చే ఆ కాసిని నీళ్లు ఎవరికీ చాలకపోవడం. అందువల్ల గత గురువారం 5,000 లీటర్ల ట్యాంకర్‌ను 1,400 రూపాయలకు బుక్ చేశాను. అది తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చింది. మా వాచ్‌మన్ మేనకోడలి పెళ్లికని ఊరికి వెళ్లాడు. కరెంటు లేదు.

ఇక్కడ రెండు మూతల సంగతి చెప్పాలి. మా సెల్లార్ వాలు పక్కన నీళ్లు నిలవచేసే సంపు ఉంది, దానికి ఆరడుగుల దూరంలో ఎండిపోయిన పాత బోరు చుట్టూ తవ్వించిన ఇంకుడు గుంత ఉంది. నీరు, నేల, చెట్ల పరిరక్షణకని వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం పుణ్యమా అని ఇంకుడు గుంతలేని భవనం ఉండకూడదు కదా, మాదీ ఉండేది, కానీ పేరుకు. అందులో పాత చీపుళ్లు, ఒక విరిగిన కమోడు ఉండేవి. కిందటి ఏడాది ఆ చెత్తంతా తీయించి, అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, దాని మీద దొడ్డు ఇసుక పోయించింది ఈ కార్యదర్శే. ఒకేచోట రెండూ చేయిస్తే వెల్డింగు ఆయన 600 తగ్గిస్తానన్నాడని సంపుకూ గుంతకూ ఒకే కొలతతో, ఒకే ఆకుపచ్చ రంగుతో, ఒకే రకం పిడితో మూతలు చేయించిందీ నేనే. వాటి మీద పేర్లు రాయించమని 402 ఫ్లాటు పెద్దాయన అప్పట్లోనే సూచించారు. పూర్వాశ్రమంలో ఆడిట్ ఉద్యోగం చేసిన ఆయన చీపురు కొన్నా రసీదు అడుగుతారు. "మన సంపు ఏదో మనకు తెలియదా అండీ?" అని నేను నిండు సభలో నవ్వాను.

ఆ చీకటిలో నా కుడిచేతిలో ఫోన్ ఉంది, కానీ టార్చి వేయలేదు. ఎందుకంటే డ్రైవర్‌కు చెప్పాల్సిన ఓటీపీ ఏ క్షణాన వస్తుందోనని తెర వంకే చూస్తున్నాను. నీళ్లు దించాకే ఓటీపీ చెప్పాలన్న నియమాన్ని కనిపెట్టిన మహానుభావుడు, నీళ్లు ఎక్కడ దించారో చూసే నియమాన్ని మాత్రం మరచిపోయాడు. "ఇదేనా సార్?" అని డ్రైవర్ అడిగాడు. "ఇదే, కానీయండి" అని, ఎడమచేత్తో మూత కాస్త ఎత్తి, పైపు దూర్పించి, కార్యదర్శికి తగిన గాంభీర్యంతో పక్కన నిలబడ్డాను.

సంపులో పడే నీరు దబదబమంటుంది. ఆ రోజు గలగలమంది. కొండవాగు చప్పుడులా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దానికి తోడు తొలకరి నాటి మట్టివాసన కూడా తగిలింది. ఏప్రిల్ నెలలో, కూకట్‌పల్లిలో, తెల్లవారుజామున మట్టివాసన ఎందుకు వస్తుందన్న అనుమానం పదో తరగతి పిల్లవాడికైనా కలగాలి, నాకు కలగలేదు. నాకు కలిగింది భగీరథుడి తలపు. ఎంత తపస్సు చేస్తే గంగ దిగివచ్చింది, నేను రెండు ఫోన్లతో తెప్పించాను అనుకున్నాను. భగీరథుడు గంగను చివరకు తీసుకుపోయింది పాతాళానికే అన్న సంగతి ఆ సమయానికి గుర్తురాలేదు. ఒక్క చుక్క పైకి పొర్లలేదు. గుంత అంత బాగా పనిచేస్తోందంటే అది శుభ్రం చేయించిన వాడి గొప్పతనమే కదా.

ఓటీపీ చెప్పాను. "5,000 లీటర్లు సంపులోకి చేరినవి, సభ్యులు పొదుపుగా వాడుకోగలరు" అని గ్రూపులో పెట్టి పడుకున్నాను.

ఆరున్నరకు నన్ను లేపింది 503 ఫ్లాటు ఆయన గొంతు. తలనిండా షాంపూ నురగతో, తువ్వాలు కట్టుకుని, మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. కరెంటు వచ్చాక మోటారు వేస్తే అది పిల్లి గుర్రుమన్నట్టు గుర్రుమని, వేడెక్కి, ఆగిపోయిందట. నేను తొణకలేదు. వెంటనే ట్యాంకర్ డ్రైవర్‌కు ఫోన్ చేసి, సగం నీళ్లు దారిలో అమ్ముకుని వచ్చావని, పేదవాడివని ఊరుకుంటున్నానని, ఇంకా ఏవేవో అన్నాను. అతడు పాపం ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత వాచ్‌మన్‌కు చేశాను. పెళ్లి బాజాల మధ్య నుంచి అతడు అంతా విని, కాసేపు ఊరుకుని, "సార్, గోడ దిక్కు మూత తీసిండ్రా, గేటు దిక్కుదా?" అని మాత్రం అడిగాడు.

ఈ సంభాషణంతా స్పీకర్‌లో సాగిందని, మెట్ల మీద 402 పెద్దాయన నిలబడి ఉన్నారని తర్వాత తెలిసింది. పది నిమిషాల్లో గ్రూపులో ఆయన ప్రశ్న వచ్చింది: ఈ 1,400 రూపాయలను నీటి ఖర్చు కింద రాయాలా, భూగర్భ జలాల అభివృద్ధి కింద రాయాలా? దానికి 17 మంది బొటనవేళ్లు ఎత్తారు. మెయింటెనెన్స్ గుర్తుచేస్తే నెలల తరబడి ఉలకని పలకని వాళ్లు కూడా ఆ 17 మందిలో ఉన్నారు.

నా జేబులోంచి కట్టి తెప్పించిన రెండో ట్యాంకర్ మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. నేను కిందకు దిగేసరికి 402 పెద్దాయన ఇంకుడు గుంత మూత మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు.