‘మా కుక్క ఏమీ అనదండీ’ అనే ఇళ్ళవారికి

మా ఇంట్లో మొత్తం ఏడుగురం. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, మా మరిది, ఇద్దరు పిల్లలు. వనస్థలిపురంలో రెండంతస్తుల ఇల్లు, ముందు ఒక ఇనుప గేటు, ఆ గేటు వెనుక 36 కిలోల బరువున్న నాలుగేళ్ళ జర్మన్ షెపర్డ్. పేరు భైరవ. ఈ మధ్య మా కాలనీలో పెద్ద జాతి కుక్కపిల్లలను తెచ్చుకునే కుటుంబాలు ఎక్కువయ్యాయి. ఎవరిని అడిగినా చెప్పే కారణం ఒకటే: పిల్లలు ముచ్చటపడ్డారు. నేను చెప్పదలచుకున్నదీ ఒకటే. పదిమంది మసలే ఇంట్లో పెద్ద కుక్కకు బాధ్యత వహించే పెద్దవారు ఒకరు ఉండాలి, ఆ మనిషి నోటితో ఒప్పుకున్న తరువాతే కుక్కపిల్ల గడప దాటి లోపలికి రావాలి. ‘అందరం చూసుకుంటాం’ అనుకున్న ఇంట్లో దాన్ని పట్టించుకునేవారు ఉండరని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నిరుడు బోనాల ఆదివారం. ఉదయం నుంచి చుట్టాలు వస్తున్నారు, పోతున్నారు. వీధి చివర డప్పులు మోగుతుంటే భైరవ స్థిమితంగా లేడు, వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మాకు ఏళ్ళ తరబడి పూలు ఇచ్చే ఆవిడ ఎప్పటిలాగే గేటు దగ్గరకు వచ్చింది. గొళ్ళెం పడలేదు. భైరవ ఒక్క దూకులో గేటును తోసుకుని బయటకు రావడం, ఆవిడ వెనక్కి అడుగు వేసి మెట్టు మీద నుంచి పడిపోవడం రెండూ క్షణంలో జరిగిపోయాయి. కరవలేదు. కానీ వాడి గోళ్ళు మోచేతికి దిగువన గీరుకున్నాయి, కిందపడటంలో మణికట్టు విరిగింది. గీతలు పడిన చోటును పావుగంట సేపు సబ్బుతో కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ‘కరిస్తే కరవలే గని అమ్మా, చెయ్యి ఇరిగింది గద, పూలెట్ల కట్టాలె’ అని దారి పొడవునా అంటూనే ఉంది. ఆరు వారాలు కట్టు ఉంది. ఆ ఆరు వారాల సంపాదన, మందుల ఖర్చు మేము భరించాం. అయినా ఆవిడ ఇప్పుడు మా గేటు దగ్గర నిలబడి పిలవడం లేదు, ఎదురింటి అరుగు మీద నుంచే కేకేస్తుంది.

ఆ సాయంత్రం గొళ్ళెం ఎవరు వేయలేదని ఇంట్లో అడిగితే అందరూ ఒకే మాట అన్నారు. ‘నువ్వు వేశావనుకున్నాను.’ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఏడుగురిలో ప్రతి ఒక్కరూ మిగిలిన ఆరుగురి మీద భారం వేసి నిశ్చింతగా ఉన్నారు, నాతో సహా.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు భోజనం తెచ్చిన యువకుడు తలుపు తీయగానే మీదకు వచ్చిన పెంపుడు కుక్కకు భయపడి పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి పడి, కొద్ది రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో పరుపు ఇవ్వడానికి వెళ్ళిన మరొకరు డాబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకాడు. ఈ రెండు ఇళ్ళలోనూ కావలసింది తలుపు తీసే ముందు కుక్కను ఒక గదిలో ఉంచే మనిషి. ‘మా కుక్క ఏమీ అనదండీ’ అనే మాట మనకు ధైర్యం, గుమ్మం బయట నిలబడ్డవారికి దానితో పని లేదు. భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కొందరు దీన్ని జాతి మీదకు నెడతారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది, మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. బంజారాహిల్స్ ఇంట్లో ఉన్నది జర్మన్ షెపర్డ్. నా దృష్టిలో జాబితాల కన్నా గొళ్ళెం ముఖ్యం.

రోజువారీ పని గురించి దాపరికం లేకుండా చెబుతాను. ఎండాకాలంలో తెల్లవారుజామున ఐదింటికి నడకకు తీసుకువెళ్ళాలి, ఎందుకంటే తొమ్మిదయ్యేసరికి తారు రోడ్డు మీద మన అరచేతిని కూడా ఉంచలేం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పడం ద్వారానే వేడి దిగుతుంది, కాబట్టి మే నెలలో మధ్యాహ్నం మేడ మీద కట్టేసిన పెద్ద కుక్క వడదెబ్బతో చనిపోవచ్చు. తిండి విషయంలో ఉమ్మడి కుటుంబం మరీ ప్రమాదం, ప్రేమతో ఎవరికి వారే ఒక ముద్ద పెడతారు. మన పప్పులో, కూరలో ఉండే ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతులకు పొట్ట ఉబ్బి మెలిపడే జబ్బు వస్తుంది, గంటల్లో ప్రాణం తీస్తుంది, అందుకే రెండు పూటలా కొంచెం కొంచెంగా పెట్టి, తిన్న వెంటనే పరుగెత్తించకూడదు.

వానాకాలం వస్తే పిడుదులు. భైరవ మూడో ఏట రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒకరు ముందే పెట్టేశారేమోనని మరొకరు అనుకున్నారు. మూడో రోజు పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. రక్త పరీక్షలో పిడుదుల జ్వరమని తేలింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వారాల తరబడి మందు వేశాం. అప్పటి నుంచి ప్రతి రాత్రి వాడి కాలివేళ్ళ మధ్య, చెవి మడతల్లో, మెడ పట్టీ కింద నా వేళ్ళతో తడిమి చూస్తాను. కందిగింజంత గట్టిగా ఏదైనా తగిలితే పట్టకారుతో చర్మానికి ఆనించి తీస్తాను. పది నిమిషాల పని. పది నిమిషాలే అయినా, అది నా పని అని తెలిస్తేనే జరుగుతుంది.

పిల్లల గురించి మనసు కష్టపెట్టే మాట ఒకటి చెప్పాలి. పదేళ్ళ పిల్లవాడు 36 కిలోల కుక్కను పిల్లిని చూసి ఉరికేటప్పుడు ఆపలేడు. మా బాబు నీళ్ళు పోస్తాడు, బ్రష్ చేస్తాడు, పక్కన పెద్దవాళ్ళుంటేనే గొలుసు పట్టుకుంటాడు. పైగా పెద్ద కుక్కలు పదేళ్ళ అటూ ఇటూ బతుకుతాయి. ఐదో తరగతిలో ముచ్చటపడినవాడు ఇంజినీరింగ్ చదువుతూనో అమెరికా వెళ్ళే హడావిడిలోనో ఉన్నప్పుడు, తుంటి కీళ్ళు అరిగి లేవలేని కుక్కను ఆటోలోకి ఎత్తేది అరవై దాటిన తల్లిదండ్రులే.

ఇంటి పనికి వచ్చే ఆవిడ మాట ఎవరూ ఎత్తరు. వాకిలి ఊడ్చేది ఆవిడ, వెంట్రుకలు తీసేది ఆవిడ, భయపడుతూనే దాని పక్క నుంచి బకెట్ మోసుకుపోయేది ఆవిడ. కుక్కను తెచ్చేటప్పుడు ఆవిడను ఒక్కమాట కూడా అడగలేదు, అది మా తప్పు. ఇప్పుడు కుక్కకు సంబంధించిన పనులేవీ ఆవిడవి కావు, ఆవిడ వచ్చే వేళకు భైరవ వెనుక గదిలో ఉంటాడు.

అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలను నిషేధించే హక్కు, లిఫ్టు ఎక్కనివ్వకుండా ఆపే హక్కు సంఘాలకు లేవని 2015లో జంతు సంక్షేమ మండలి స్పష్టం చేసింది. ఆ హక్కు కోసం వాదించేవారు గొలుసు పట్టుకోవడం, మలం తీయడం, ఏటా రేబిస్ టీకా వేయించి మున్సిపల్ లైసెన్సు తీసుకోవడం కూడా అంతే పట్టుదలగా చేయాలి.

ఇప్పుడు మా ఇంట్లో భైరవ బాధ్యత నాది. నేను ఊరు వెళితే మా మరిదిది, వెళ్ళే ముందు ఆయన సరేనంటేనే బయలుదేరతాను. గేటుకు లోపల రెండో గేటు పెట్టించాం. పక్క వీధిలో ఒక కుటుంబం ఈ సెలవుల్లో రాట్‌వైలర్ పిల్లను తెస్తున్నామని సలహా అడిగారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నుంచి నిబంధనలకు విరుద్ధమని, ముందు తల్లి కుక్కను చూసి రమ్మని చెప్పాను. తెల్లవారుజామున ఐదింటికి దాన్ని ఎవరు తిప్పుతారని అడిగితే భార్యాభర్తలిద్దరూ వాళ్ళబ్బాయి వంక చూశారు. వాడు ఏడో తరగతి. వాడిని లెక్కలో వేసుకోవద్దని, మీ ఇద్దరిలో ఎవరో తేల్చుకున్నాకే బయానా ఇవ్వమని చెప్పి వచ్చాను.