జల్లెడ పట్టిన గింజలు, పట్టని కుప్ప

"అమెరికాలో అందరికంటే ఎక్కువ సంపాదించేది భారతీయులే. అక్కడ పుట్టినవాళ్ళ ఆదాయానికి రెట్టింపు! కారణం మన తెలివి, మన సంస్కారం. వాళ్ళు సోమరులు." ఈ సందేశం నాకు ఈ నెలలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగోది మా బాబాయి పంపారు కనుక ఇక ఊరుకోలేకపోయాను.

ముందు లెక్క. అది అబద్ధమేమీ కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ ప్రకారం 2023లో అక్కడి భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం (సగం ఇళ్ళకు అంతకంటే ఎక్కువ, సగం ఇళ్ళకు తక్కువ) ఏడాదికి 1,51,200 డాలర్లు. దేశం మొత్తానికి అది 80 వేల చుట్టుపక్కల. అయితే ఇది ఇంటి ఆదాయం, మనిషి జీతం కాదు. దేశం లెక్కలో పింఛను మీద బతికే ఒంటరి ముసలమ్మ ఇల్లూ ఉంది. పైగా మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో జీతంతోపాటు అద్దెలూ ఆకాశంలోనే ఉంటాయి.

ఇక తెలివి. అక్కడ పాతికేళ్ళు దాటిన భారతీయుల్లో నలుగురిలో ముగ్గురికి డిగ్రీ ఉంది. మన దేశంలోనే అంతమందికి లేదు కదా, మరి ఆ చదువు విమానంలో అబ్బిందా? 1965 నాటి అమెరికా వలస చట్టం తలుపు తీసింది, 1990 చట్టం హెచ్-1బి అనే ఉద్యోగ వీసా తెచ్చింది. ఆ వీసాకు కనీసం డిగ్రీ కావాలి. కాన్సులేట్ ముందు వరుసలో నిలబడ్డ కుర్రాడి ప్లాస్టిక్ ఫోల్డరు విప్పి చూడండి: మార్కుల మెమోలు, జీఆర్ఈ స్కోరు, బ్యాంకు రుణం లేఖ, నాన్న పొలానికీ ఇంటికీ విలువ కట్టిన సీఏ సర్టిఫికెట్. ఆ ఫోల్డరు లేనివాడు వరుసలోనే లేడు. అమెరికాలో పుట్టినవాడినైతే పుట్టడానికి డిగ్రీ ఎవరూ అడగలేదు. జల్లెడ పట్టిన గింజలను తెచ్చి పట్టని కుప్ప పక్కన పోసి, మన గింజ మేలని మురిసిపోతున్నాం. సోమరులన్న మాటకూ ఇదే జవాబు.

సంస్కారమే కారణమైతే అది అన్నిచోట్లా పనిచేయాలి. ఒకప్పుడు బర్మాలోని రంగూన్ రేవులో బస్తాలు మోసింది మన తెలుగువాళ్ళే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు వీళ్ళను కొరంగీలు అనేవారు, అదీ చిన్నచూపుతో. 1930 మేలో ఆ కూలి పని కోసమే బర్మావాళ్ళకూ వీళ్ళకూ అల్లర్లు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఇప్పుడు జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళి ఎండలో ఇనుప చువ్వలు కట్టేవాళ్ళు అక్కడి పౌరుల ఆదాయానికి దరిదాపుల్లో కూడా లేరు. భాష అదే, పండుగలూ అవే. మారింది వీసా.

అమెరికాలోనే చూద్దాం. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో ఒక సైనిక విమానం దిగింది. సరైన కాగితాలు లేవని అమెరికా వెనక్కి పంపిన 104 మంది భారతీయులు అందులో ఉన్నారు, చాలామంది చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళతో ప్రయాణం చేశారు. వీళ్ళది ఏ సంస్కారమని గ్రూపులోనే అడిగాను. బాబాయి దండం పెట్టే బొమ్మ పంపారు.