తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు, కెమెరా

మా మావయ్య రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చింది పాతబస్తీని ఫోటోలు తీయడానికే. మధ్యలో బంధువుల పెళ్ళి ఒకటి ఉన్న మాట నిజమే గానీ అది సాకు. అమెరికాలో ఉన్న కొడుకు కిందటిసారి వచ్చినప్పుడు మోచెయ్యంత లెన్సున్న కెమెరా ఒకటి ఇచ్చి వెళ్ళాడు. అప్పట్నుంచీ గోదావరి వంతెన, వంతెన మీద రైలు, రైలు లేని వంతెన, అన్నీ తీసేశాడు. ఇంక ఆ ఊళ్ళో తీయకుండా మిగిలింది మా అత్తయ్యే. ఆవిడ కెమెరా కనబడగానే వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఈ విద్యలో మావయ్య మనసులో గురువు రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరు, 1905లో పోయాడు. ఆయన తీసిన పాత ఫోటోలు ఎక్కడ చూశాడో గానీ, "ఒరేయ్, ఆ జనాన్ని చూడు. ఎంత హుందాగా నిలబడ్డారో! ఒక్కడైనా కదిలాడా?" అంటాడు. అప్పట్లో కదిలితే బొమ్మ చెదిరిపోయేది కాబట్టి నిలబెట్టి ఉంటారు మావయ్యా అంటే వినడు. అది నవాబుల కాలం నాటి మర్యాద అని ఆయన నమ్మకం. ఆ మర్యాద ఇంకా ఏ సందులోనో మిగిలే ఉంటుందనీ, దాన్ని తన కెమెరాలో పట్టుకెళ్ళాలనీ వచ్చాడు.

పొద్దున్నే తయారై గదిలోంచి బయటికి రాగానే నా గుండె జారింది. తెల్లచొక్కా, ఎండకి చల్లగా ఉంటుందని. ఖాకీ ప్యాంటు, దానికి అటూ ఇటూ జేబులే జేబులు. నల్ల కళ్ళద్దాలు. మీసం ఎలాగూ ఉన్నదే. మెడలో కెమెరా.

హైదరాబాద్‌లో తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకుని కెమెరాతో రోడ్డు పక్కన నిలబడేది ట్రాఫిక్ పోలీసులని బండి ఉన్న ప్రతివాడికీ తెలుసు. వాళ్ళు ఆపరు, అడగరు, మనతో వాదన పెట్టుకోరు. క్లిక్కుమనిపిస్తారంతే. తరవాత తీరిగ్గా ఫోనుకి మెసేజి వస్తుంది. లింకు నొక్కితే మన బండి, మన నంబరు, మన బోడినెత్తి, జరిమానా, దానిమీద యూజర్ చార్జీ 35 రూపాయలు.

"మావయ్యా, ప్యాంటు మార్చుకుంటే బావుంటుందేమో" అన్నాను.

"మరి జేబులు?" అన్నాడు. లెన్సు మూత ఒక జేబులో, తుడిచే గుడ్డ ఒక జేబులో, బ్యాటరీ ఒక జేబులో. ఇంక చేసేదేముంది, బయల్దేరాం.

నయాపూల్ మీద మొదలైంది. మూసీ ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు పొద్దుటి ఎండకి ఎర్రగా మెరుస్తుంటే మావయ్య కాళ్ళు ఎడంగా పెట్టి, కెమెరా కంటికి ఆనించాడు. అంతే, ఎదురుగా వస్తున్న బండి కీచుమంటూ ఆగింది. వెనక కూర్చున్నవాడు చెయ్యి వెనక్కి పోనిచ్చి నంబరు ప్లేటు మూసేశాడు. దాని వెనకాల వస్తున్నాయన, హ్యాండిల్‌కి వేలాడుతున్న హెల్మెట్ తీసి, నడుస్తున్న బండి మీదే నెత్తిన పెట్టేసుకున్నాడు. తిరగేసి పెట్టుకున్నాడు. పాపం, దారి కనపడక అలాగే గుడ్డిగా ముందుకు పోయాడు.

"చూశావా, నేను ఫోటో తీస్తున్నానని బళ్ళు ఆపేస్తున్నారు. మన ఊళ్ళో అయితే మీద నుంచి పోనిచ్చేవాళ్ళు" అన్నాడు మావయ్య పొంగిపోతూ.

మదీనా చౌరస్తా దగ్గర ఒకే బండి మీద ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. లెన్సు వాళ్ళ వైపు తిరగ్గానే చివరివాడు దూకేసి, ఆ బండితో ఏ జన్మలోనూ సంబంధం లేనివాడిలా ఆకాశం చూస్తూ నడవడం మొదలెట్టాడు. పత్తర్‌గట్టిలో మావయ్య అసలు గురి ఆ రాతి కమాన్ల వరస మీద. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చాక, ఊరిని బాగుచెయ్యడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన కొట్లవి. కింద అత్తర్లు, పెళ్ళిబట్టలు, పైన బూడిదరంగు రాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ మావయ్య తీసిన ప్రతి ఫోటోలోనూ కమాను ముందు ఎవడో ఒకడు యూ టర్న్ కొడుతున్నాడు. ఒకావిడ మొగుడి బండి వెనక కూర్చుని, చున్నీ చెంగు కిందికి జార్చి ప్లేటు కప్పేసిన తీరు మాత్రం చూసి తీరాలి. చెయ్యి తడుముకోలేదు, తల తిప్పలేదు. ఎన్నాళ్ళ సాధనో అది.

మచిలీ కమాను దగ్గర ఒక కుర్రాడు కొంచెం ముందుకెళ్ళి బండి ఆపి, నడుచుకుంటూ మా దగ్గరికే వచ్చాడు.

"మాఫ్ కరో సాబ్. పహ్లీ బార్ హై."

మావయ్యకి హిందీ సినిమాల ధర్మమా అని అంతో ఇంతో వచ్చు. "కోయీ బాత్ నహీ. ఫోటో అచ్ఛా ఆయా" అని కెమెరా తెర చూపించాడు. బండి, నంబరు, గాలికి ఎగురుతున్న జుట్టు, దేన్నీ వదిలిపెట్టకుండా పడింది. కుర్రాడి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"డిలీట్ కర్ దో నా సాబ్."

"డిలీటా? అరే, లైట్ దేఖో, ఎంత బాగా పడిందో! తుమ్ కో భీ భేజ్‌తా. నంబర్ బోలో."

"నంబర్ నక్కో సాబ్! నంబర్ నక్కో!"

"వాట్సాప్ నంబరయ్యా బాబూ!"

"అబ్ వాట్సాప్ పే భీ ఆరా క్యా సాబ్, చలాన్?"

నేను కలగజేసుకుని విషయం చెప్పేలోపే వాడు వెళ్ళిపోయాడు. ఈలోగా ఇంకో పెద్దాయన వచ్చి నిలబడ్డాడు, దగ్గుతూ. "సార్, మల్ల డిస్కౌంట్ ఎప్పుడు పెడ్తున్రు?" ఆయన అడగడంలో తప్పులేదు. 2022 మార్చిలో బైకుల పెండింగు చలాన్ల మీద 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరులో 80 శాతం. ఆషాఢం సేల్ కోసం చీరలు కొనకుండా ఆగేవాళ్ళున్నట్టే, చలాన్లు కట్టకుండా ఆగేవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది.

మావయ్య మాత్రం ఆయన ఫోటో ధర బేరమాడుతున్నాడనుకున్నాడు. "డిస్కౌంటేమిటండీ, నేను అసలు డబ్బులే తీసుకోను" అన్నాడు ఛాతీ విరిచి.

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ ఫోటో కూడా తీశాడు మావయ్య.

గుల్జార్ హౌజ్ దగ్గరికి వచ్చేసరికి అసలు మనిషే ఎదురయ్యాడు. ట్రాఫిక్ కానిస్టేబులు. తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు. మావయ్యని ఎగాదిగా చూసి, తనకంటే పెద్దాడనుకున్నాడేమో, కాస్త వంగి అడిగాడు.

"ఏ స్టేషన్ సార్ మీది?"

"రాజమండ్రి" అన్నాడు మావయ్య. ఏ రైలు స్టేషన్లో ఎక్కాడో అడుగుతున్నాడనుకున్నాడు.

"అబ్బో! గంత దూరంకెళ్ళి ఏసిండ్రా డ్యూటీ?"

"డ్యూటీ అనుకోండి, పిచ్చి అనుకోండి."

"ఎన్ని కొట్టిండ్రు పొద్దుగాల్నుంచి?"

"రెండొందలు దాటాయి."

కానిస్టేబులు కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంకెన్ని కొట్టాలె?"

"ఇన్ని అని ఏముందండీ, కార్డు నిండేదాకా."

ఇంక లాభం లేదని కానిస్టేబుల్ని పక్కకి తీసుకెళ్ళి చెవిలో సంగతంతా చెప్పాను. నవ్వలేక చచ్చాడు. నవ్వుతూ నవ్వుతూ రోడ్డు వైపు చూసి ఆగిపోయాడు. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ చుట్టూ బళ్ళు ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా, అందరి నెత్తినా హెల్మెట్లతో, హారన్ లేకుండా తిరుగుతున్నాయి. ఫౌంటెన్‌కి నాలుగు వైపులా ఉన్న ఈ కమాన్లు నాలుగు వందల ఏళ్ళుగా ఇక్కడే నిలబడి ఉన్నాయి. ఇలాంటిది అవి కూడా చూసి ఉండవు.

"సార్, జర పావుగంట గిట్లనే నిలవడుండ్రి" అన్నాడు కానిస్టేబులు మావయ్యతో. "నేను చాయ్ తాగొస్త."

మావయ్య నిలబడ్డాడు. అంత మంచి చోటు మళ్ళీ దొరకదనుకున్నాడు.

చార్మినార్ గురించి కొత్తగా చెప్పేదేముంది? 1591లో కట్టారు, నాలుగు పక్కలా ఉన్న గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. మావయ్య ఫోటోలో అంతా చక్కగానే వచ్చింది గానీ, కింద ఒకాయన ఇంజను ఆపేసి బండిని తోసుకుపోతున్నాడు. తోసుకెళ్తే హెల్మెట్ అడగరని ఆయన ధైర్యం. పెట్రోలు అయిపోయినవాడి విచారం మొహంలో ఎంత బాగా తెప్పించుకున్నాడో!

ఆ రోజు తీసినవాటిలో నాకు నిజంగా నచ్చింది లాడ్ బజారులో తీసినది. ఒక కొట్టు మూల కుంపటి ముందు కూర్చుని ఒక ముసలాయన లక్క గాజులు చేస్తున్నాడు. సెగకి మెత్తబడిన లక్కని చేత్తో సాగదీసి, గుండ్రంగా వంచి, ఇంకా వేడిగా ఉండగానే గింజంత రాళ్ళని పుల్ల కొసతో ఒక్కొక్కటే ఎత్తి అతికిస్తున్నాడు. ఒక రాయి వంకరగా కూర్చుంటే గోటితో సర్దాడు. కెమెరా కేసి ఒక్కసారి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయనకి బండి లేదు.

తరవాత ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని ఫోటోలన్నీ తిరగేశాం. చేతులు, చున్నీలు, వీపులు, తిరగేసిన హెల్మెట్లు. అప్పుడు చెప్పాను మావయ్యకి అసలు కథ. బిస్కెట్ చాయ్‌లో ముంచి ఆలోచనలో పడ్డాడు. బిస్కెట్ సగం విరిగి కప్పులో మునిగిపోయింది.

"ఏమోరా" అన్నాడు చివరికి. "నువ్వు ఊరికే అనుమానిస్తావు. జనం మర్యాదస్తులే."

వాదించకుండా బయటికొచ్చి ఆటో పిలిచాను. నల్లకుంట అంటే చాలు, ఆటోవాళ్ళు నోటికొచ్చిన అంకె చెప్పి, రానుపోను అని ఇంకొంత కలిపి, ఇష్టమైతే ఎక్కు అంటారు. ఇతను మావయ్యని చూశాడు. సీటు వెనక మడతపెట్టి ఉన్న ఖాకీ చొక్కా తీసి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకున్నాడు. "బైఠియే సాబ్" అని మీటరు వేశాడు. మీటరు! దారంతా ఎర్రలైటు ఎక్కడ పడితే అక్కడ గీతకి ఇవతలే ఆగాడు. ఇంటి ముందు దింపి, మీటరు చూసి, రూపాయితో సహా చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

"చూశావా! ఇలాంటివాళ్ళనా మీరు ఆడిపోసుకునేది?" అని మావయ్య ఆటోని ఒక ఫోటో తీద్దామని కెమెరా ఎత్తాడు. ఆటో అప్పటికే సందు మలుపులో ఉంది. ఫోటోలో వెనక చక్రం ఒకటి పడింది. నంబరు పడలేదు.