రీస్టార్ట్ కొట్టే ముందు ఒక్క అర నిమిషం ఆగలేమా?

రాత్రి 2:40కి ఫోన్. "అక్కా, పేమెంట్ సర్వీస్ హ్యాంగ్ అయింది." లేచి లాప్‌టాప్ తెరిచేలోపే రెండో ఫోన్. "రీస్టార్ట్ చేసేశాం అక్కా, వచ్చేసింది, మీరు పడుకోండి." ఎలా పడుకుంటాను? మూడు వారాల్లో ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ రీస్టార్టే. ఒక్క థ్రెడ్ డంప్ (ప్రోగ్రామ్‌లో సాగే ఒక్కో పని, అంటే థ్రెడ్, ఎక్కడ ఆగిందో చూపే రిపోర్టు) లేదు. పొద్దున తొమ్మిదిన్నర కాల్‌లో మాత్రం అందరూ నన్నే అడిగారు, "రూట్ కాజ్ ఏంటి?" అని.

ఎక్కణ్నుంచి తేవాలి? 2:31 తర్వాత లాగ్‌లో ఒక్క లైను లేదు. ఇరుక్కుపోయిన ప్రాసెస్ లాగ్ ఏం రాస్తుంది? ఎక్కడ ఇరుక్కుందో దాని మెమరీలోనే ఉంటుంది. రీస్టార్ట్ చేశామంటే అది కాస్తా పోయినట్టే. మా ఊళ్లో మలేరియా అనుమానం వస్తే జ్వరం ఉండగానే రక్తం తీసేవాళ్లు. ఆ మాత్రం ఇంగితం మనకు సర్వర్ల దగ్గర ఎందుకు ఉండదు?

థ్రెడ్ డంప్ కావాలంటే జావా సర్వీస్‌కి కిల్ -3 అనే కమాండ్ కొడితే చాలు, అది ప్రాసెస్‌కు ఒక సిగ్నల్ పంపుతుంది. పేరులో కిల్ ఉందని భయపడతారు గానీ ఏమీ ఆగిపోదు. ఏ థ్రెడ్ ఏ లైన్లో ఉంది, ఏ లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దక్కే తాళం) కోసం చూస్తోంది, ఆ లాక్ ఎవరి దగ్గరుంది, అన్నీ రాసి మళ్లీ తన పనిలో పడుతుంది. పది సెకన్ల తేడాతో మూడుసార్లు తీస్తే మూడింట్లోనూ కదలని థ్రెడ్ ఏదో తెలిసిపోతుంది. హీప్ డంప్, అంటే ప్రోగ్రామ్ మెమరీలోని డేటా అంతటి కాపీ, తీయమని నేననడం లేదు. అది జీబీల్లో ఉంటుంది, తీస్తున్నంతసేపూ సర్వీస్‌ను ఆపేస్తుంది. గో భాషలో రాసిన సర్వీసులకైతే ఇదే సిగ్నల్ పంపితే గోరొటీన్లన్నీ (గోలో థ్రెడ్ల లాంటివి) రాసేసి ప్రాసెస్ ఆగిపోతుంది. ఎలాగూ ఆపబోతున్నారు కదా, దాంతోనే ఆపండి!

క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ వాళ్లు దీన్ని సర్వీసుల్లోనే పెట్టుకున్నారు. సిగ్‌యూజర్2 సిగ్నల్ పంపితే వెర్షన్, థ్రెడ్లు, గ్రీన్ థ్రెడ్లు (ప్రోగ్రామే నడుపుకునే తేలికపాటి థ్రెడ్లు), కాన్ఫిగరేషన్ అన్నీ ఒకే రిపోర్టుగా వస్తాయి. దాని పేరు గురు మెడిటేషన్ రిపోర్ట్. పాత అమిగా కంప్యూటర్లు క్రాష్ అయినప్పుడు కనిపించే మెసేజ్ పేరే దానికి పెట్టారు. అలాంటిది మన సర్వీసులకూ పెడదామని రెండేళ్ల కిందట టికెట్ వేశాను. డెవలపర్లు హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే కోడ్) రాయకుండా ఆ సిగ్నల్ పంపితే ప్రాసెస్ చచ్చిపోవచ్చు కాబట్టి వాళ్లే రాయాలి. "కాన్ఫిగరేషన్‌లో పాస్‌వర్డ్‌లు బయటపడతాయి, సెక్యూరిటీ ఒప్పుకోదు" అన్నారు. ఓపెన్‌స్టాక్ రిపోర్టులో వాటిని చుక్కల వెనక దాచేస్తారని రాసి పెట్టాను. జవాబు లేదు. టికెట్ ఇంకా బ్యాక్‌లాగ్‌లోనే ఉంది.

అసలు నా కడుపుమంట పాతది. నాలుగేళ్ల కిందట పాత కంపెనీలో ఇలాగే ఒక సర్వీస్ నెలంతా హ్యాంగ్ అయ్యేది. ఒక రాత్రి నా షిఫ్ట్‌లో ఆగింది. రెండు నిమిషాలు తీసుకుని మూడు డంప్‌లు తీసి, అప్పుడు రీస్టార్ట్ చేశాను. డేటాబేస్ కనెక్షన్ పూల్‌లో ఉన్న 20 కనెక్షన్లనీ ఒక్క రిపోర్ట్ క్వెరీయే పట్టుకుని కూర్చున్నట్టు ఆ డంపుల్లో తేలింది. సరిచేశారు, మళ్లీ హ్యాంగ్ కాలేదు. నా అప్రైజల్‌లో ఏం రాశారో తెలుసా? "డౌన్‌టైమ్ పెరగడానికి కారణమైంది." నెలంతా రాత్రికోసారి రీస్టార్ట్ చేసిన అబ్బాయికి స్టేజీ మీద అవార్డు. అతని మీద నాకు కోపం లేదు. ఆ వాక్యం రాసిన చేతి మీద ఇప్పటికీ ఉంది.

అందుకే నైట్ షిఫ్ట్ పిల్లలను ఎవరైనా అంటే ఊరుకోను. సమస్య వస్తే ఏం చేయాలో రాసి ఉంచే రన్‌బుక్‌లో మొదటి లైనే "రీస్టార్ట్ చేయండి" అని ఉంటే వాళ్లేం చేస్తారు? ఇవాళ దాన్ని మారుద్దామని కూర్చుంటే నాకు ఎడిట్ పర్మిషన్ లేదన్నారు. రిక్వెస్ట్ పెట్టాను. అది వచ్చేదాకా, రాత్రి ఎన్నింటికైనా సరే, రీస్టార్ట్‌కి ముందే నాకు ఫోన్ చేయమని పిల్లలకు చెప్పాను. డంప్ నేనే తీస్తాను.