పిచింగ్ ఒక్కటే సరిపోదు
2025 బేస్‌బాల్ సీజన్‌కి ముందు వచ్చిన ఒక ఆర్టికల్‌లో, ఐదుగురు స్టార్టర్లూ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) ఫిట్‌గా ఉంటే సియాటిల్ టీమ్ మ్యారినర్స్ డివిజన్ (తమ ఐదు టీమ్‌ల గ్రూప్) ఈజీగా కొట్టేస్తారు అని రాశారు, నేనైతే ఒప్పుకోలేదు. 2024లోనూ ఇదే మాట అన్నారు కదా, స్టార్టర్ల ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే సగటు రన్లు, తక్కువైతే మంచిది) 3.38, మొత్తం లీగ్‌లోనే బెస్ట్, వాళ్లలో గిల్బర్ట్ అయితే 200 ఇన్నింగ్స్ పైనే వేశాడు, అంత చేసినా 85 గెలిచి ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. కారణం బ్యాటింగ్, టీమ్ యావరేజ్ .224 (వెయ్యి ప్రయత్నాల్లో 224 హిట్లు), స్ట్రైక్అవుట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) 1625, అందరికన్నా ఎక్కువ. మేం సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ నుంచి పిల్లల్ని తీసుకుని వెళ్లిన మ్యాచ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉండేవి, స్టార్టర్ కిర్బీ ఏడు ఇన్నింగ్స్ అద్భుతంగా వేస్తాడు, మనవాళ్లు రెండు రన్లు చేయడానికి నానా తంటాలు పడతారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. మరి ఆఫ్ సీజన్‌లో ఏం చేశారు, ఇన్‌ఫీల్డర్ పొలాంకోని మళ్లీ తీసుకున్నారు, 37 ఏళ్ల సొలానోని తెచ్చారు, అంతే. ఫస్ట్ బేస్, సెకండ్ బేస్, థర్డ్ బేస్‌లో ఎవరు ఆడతారన్నవి మూడూ అప్పటికింకా ప్రశ్నలే. పైగా కిర్బీకి స్ప్రింగ్‌లోనే, సీజన్ ముందు ప్రాక్టీస్‌లోనే, భుజం నొప్పి మొదలైంది, అంటే ఆ "అందరూ ఫిట్‌గా ఉంటే" అనేది అప్పుడే పోయింది. మంచి విషయం ఒకటుంది, డాన్ విల్సన్ మేనేజర్‌గా, ఎడ్గార్ మార్టినెజ్ బ్యాటింగ్ కోచ్‌గా వచ్చాక 2024 సీజన్ చివరి నెలలో హూలియో రోడ్రిగెజ్ బ్యాట్ మళ్లీ కదిలింది, రాలీ ఆ సీజన్ మొత్తంలో 34 హోమర్లు కొట్టాడు, 2024 మధ్యలో వచ్చిన అరోసరేనా 2025లో మొదటినుంచీ ఉన్నాడు. ఆ ముగ్గురి తర్వాత బ్యాటింగ్ ఆర్డర్‌లో ఐదో నంబర్‌లో ఎవరు వస్తారో ఆర్టికల్‌లో ఒక్క లైన్ కూడా లేదు, నాకు కావాల్సింది అదే.