గంగను కాపాడగలిగిన తీర్పును మరుగున పడేశాం

గంగ కాలుష్యంపై న్యాయస్థానాల పాత్ర గురించి మాట్లాడేవారంతా కాన్పూర్‌లోని జాజ్‌మవూ తోళ్ల శుద్ధి కర్మాగారాలపై 1987 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునే ఉదహరిస్తారు. కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కు ఎలా లేదో, ప్రాథమిక శుద్ధి కేంద్రం పెట్టుకోలేని కర్మాగారానికీ అలాగే లేదని జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య అందులో తేల్చి చెప్పారు. అది గొప్ప తీర్పే కానీ, నదికి అంతకంటే అవసరమైనది పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన అదే వ్యాజ్యంలో 1988 జనవరి 12న వెలువడిన రెండో తీర్పు. దాన్ని దాదాపు అందరూ మరచిపోయారు.

గంగలో చేరే మురికిలో అత్యధిక భాగం ఊళ్ల మురుగునీరే. అందుకే ఆ రెండో తీర్పు నేరుగా కాన్పూర్ నగరపాలక సంస్థను బాధ్యురాలిని చేసింది. పశువుల కొట్టాల వ్యర్థాలను తొలగించాలని, కార్మికవాడల్లో మురుగు కాలువలను విస్తరించాలని, మరుగుదొడ్లు కట్టించాలని, శవాలను నదిలో వదలకుండా చూడాలని ఆదేశించడమే కాక, ఇవే ఆదేశాలు గంగ ఒడ్డునున్న ఇతర పురపాలక సంస్థలకూ వర్తిస్తాయని స్పష్టం చేసింది. ఒడ్డున భూమి లేని పౌరుడు కూడా నది కోసం కోర్టుకెక్కవచ్చని అంగీకరించింది. ఆ ఆదేశాలను ఊరూరా, ఏటేటా నిలదీసి అమలు చేయించి ఉంటే ఈనాటి గంగ వేరుగా ఉండేది.

పాలన కోర్టుల పని కాదన్న అభ్యంతరం తేలికైనది కాదు. కర్మాగారాలు మూతపడితే కూలీల బతుకులు ఏమవుతాయన్న ప్రశ్న అంతకంటే బరువైనది. అయితే 1988లో కోర్టు కొత్త విధులను సృష్టించలేదు, ఉత్తరప్రదేశ్ నగరపాలక చట్టంలో 1959 నుంచీ రాసివున్న విధులను నిర్వర్తించమని మాత్రమే చెప్పింది.

ఆ తర్వాత న్యాయస్థానాల చూపు చెదిరింది. 2014లో సుప్రీంకోర్టు మెహతా వ్యాజ్యంలో కర్మాగారాల కాలుష్యానికి సంబంధించిన భాగాన్ని, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పగించింది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగకు, యమునకు జీవమున్న వ్యక్తుల హోదా ప్రకటిస్తే, జూలైలో సుప్రీంకోర్టు దానిపై స్టే విధించింది. ఆ హోదా నిలిచినా ఒక్క మురుగు కాలువ కూడా దారి మళ్లేది కాదు. 2025 కుంభమేళాలో ప్రయాగ్‌రాజ్ నీటిలో మల సంబంధ కోలిఫాం బ్యాక్టీరియా స్నానానికి అనుమతించిన పరిమితిని దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ట్రైబ్యునల్‌కు నివేదించాల్సి వచ్చింది.

నా దృష్టిలో అసలు రోగం నగరపాలనలో ఉంది. శుద్ధి కేంద్రాన్ని కేంద్రం నిధులతో రాష్ట్ర సంస్థ కడుతుంది. దాని కరెంటు బిల్లు, నిర్వహణ, సిబ్బంది భారం మాత్రం చాలాచోట్ల ఆదాయం లేని పురపాలక సంస్థ మీద పడుతూ వచ్చింది. పురపాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటినా బాధ్యతలు కిందికి దిగినంతగా నిధులు దిగలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నికైన పాలకవర్గం లేకుండా, ప్రత్యేకాధికారుల చేతుల్లో పురపాలక సంఘాలు ఏళ్లతరబడి నడిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మూసీకి పట్టిన గతిని దీని నుంచి విడదీసి చూడలేం. కాబట్టి కోర్టులు ఇకపై కార్యాచరణ ప్రణాళికలు అడగడం మాని, ప్రతి పట్టణ కమిషనర్ నుంచి మురుగు ఎంత పుడుతోందో, ఎంత శుద్ధవుతోందో ప్రమాణపత్రం తీసుకోవాలి. అందుకు చాలినంత డబ్బు ఎందుకు ఇవ్వలేదో రాష్ట్ర ఆర్థిక కార్యదర్శిని అదే విచారణలో పిలిచి అడగాలి.