తెలిసిన ఇంగ్లిష్ నోటికెందుకు రాదు?

వీడియో కాల్‌లో పదకొండు మందిమి ఉన్నాం. డెలివరీ ఎందుకు లేటవుతోందని అవతలి నుంచి ప్రశ్న వచ్చింది. జవాబు నా దగ్గరే ఉంది. ముందు రోజు రాత్రి కూర్చుని ఆ టెస్టులు నడిపింది నేనే. మ్యూట్ తీశాను. "వెండర్ పంపిన ఫైల్‌లో..." అంటూ మనసులో వాక్యం తెలుగులో మొదలైంది, దాన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పుకుంటున్నాను. సెంట్ అనాలా, హాడ్ సెంట్ అనాలా? అది తేలేలోపు ఇంకొకాయన అందుకున్నాడు. ఆయనకు విషయం సగమే తెలుసు, ఆ సగమే చెప్పాడు. చివర్లో, అయితే శుక్రవారానికి అయిపోతుందిగా అని అడిగారు. అవదని తెలిసి కూడా నేను "యెస్, యెస్" అన్నాను. నో అంటే, ఎందుకు నో అన్నది కూడా ఇంగ్లిష్‌లోనే చెప్పాలి మరి.

కాల్ అయ్యాక అదే సంగతి మెయిల్‌లో రాశాను. పది నిమిషాల్లో ఐదు లైన్లు, వెతికినా తప్పు దొరకదు. అంటే ఇంగ్లిష్ ఉంది. సమయానికి నోటికి అందలేదు, అంతే.

ఉద్యోగంలో ఏళ్లు గడిచిన చాలామంది పరిస్థితి ఇదే. రోజంతా ఇంగ్లిష్‌లోనే చదువుతారు, రాస్తారు, వింటారు. కానీ "స్పోకెన్ ఇంగ్లిష్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని గట్టిగా అనుకున్న రోజున మాత్రం గ్రామర్ పుస్తకం తెరుస్తారు, లేదా రోజుకు పది కొత్త పదాలు నేర్పే యాప్ వేసుకుంటారు. తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టే. వీళ్లకు కావలసింది కొత్త ఇంగ్లిష్ కాదని, ఉన్న ఇంగ్లిష్‌నే పదిసార్లు నోటితో అనడమని నా అభిప్రాయం.

మాట్లాడటంలో అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం. పది భాషల్లో మామూలు సంభాషణలను రికార్డు చేసి 2009లో ఒక పరిశోధక బృందం కొలిచింది. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సగటున సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. మరోవైపు, ఒక బొమ్మ చూపించి దీని పేరేంటని అడిగితే, తెలిసిన భాషలోనైనా ఆ ఒక్క పదం నోటికి రావడానికి 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎదుటి మనిషి ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు తయారు చేసుకుంటున్నామన్న మాట. సొంత భాషలో ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇంగ్లిష్‌లో అయితే వినడం, అర్థం చేసుకోవడం, జవాబు ఆలోచించడం, దాన్ని తెలుగు నుంచి తిప్పడం, టెన్స్ సరిచూసుకోవడం, అన్నీ ఆ ఇరుకులోనే పట్టాలి. మెయిల్‌కు ఈ ఇబ్బంది లేదు. అక్కడ డిలీట్ బటన్ ఉంది, ఎదురుగా మొహాలు లేవు.

వింటూ ఉంటే అదే వచ్చేస్తుంది అనేవాళ్లుంటారు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సిరీస్‌లు చూడమని సలహా ఇస్తారు. చూడండి, తప్పేం లేదు, వినడం బాగుపడుతుంది. కానీ కెనడాలో పాఠాలు ఫ్రెంచ్‌లో చదువుకున్న, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలను మెరిల్ స్వేన్ అనే భాషావేత్త పరిశీలించింది. ఏళ్ల తరబడి విన్నందువల్ల వాళ్లకు ఫ్రెంచ్ దాదాపు ఆ భాష పిల్లలంత బాగా అర్థమయ్యేది. మాట్లాడమంటే మాత్రం వెనకబడేవారు, వ్యాకరణం తప్పులు అలాగే ఉండిపోయేవి. విన్నప్పుడు సందర్భాన్ని బట్టి భావం పట్టేయొచ్చు, ప్రతి ముక్కా అక్కర్లేదు. చెప్పేటప్పుడు ప్రతి ముక్కా మనమే పేర్చాలి. 1985లో ఆమె రాసిన ఈ మాట ఆఫీసుల్లో పనిచేసే మనందరికీ సరిగ్గా సరిపోతుంది. మనం ఇంగ్లిష్‌ను వాడుతున్నామని అనుకుంటాం, నిజానికి ఎక్కువసేపు వింటున్నాం.

తెలుగు నుంచి వచ్చేవాళ్లకు దీనిపైన ఇంకో బరువుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన వాక్యంలో అసలు సంగతి చివర వస్తుంది. "నిన్న వెండర్ పంపిన ఫైల్‌లో రెండు కాలమ్స్ తప్పుగా ఉండటం వల్ల టెస్ట్ ఫెయిలైంది." ఎప్పుడు, ఎవరు, ఏ ఫైల్, ఏం తప్పు, ఇవన్నీ వరుసగా వచ్చి కూర్చున్నాక చివర్లో క్రియ. వినేవాళ్లూ అప్పటిదాకా ఓపిక పడతారు, మన అలవాటే అది. అవునా కాదా అన్నది కూడా తోకలోనే ఉంటుంది. చేస్తాను, చేయను, చేయలేకపోయాను, ఈ మూడింటిలో తేడా అంతా చివరి అక్షరాల్లోనే. ఇంగ్లిష్ అంతసేపు ఆగనివ్వదు. కర్త చెప్పగానే క్రియ తేల్చెయ్యాలి, నాట్ పెట్టాలంటే అప్పుడే పెట్టాలి. పైగా "వెండర్ పంపిన ఫైల్" అని మనం ముందు చెప్పేదాన్ని అక్కడ ఫైల్ తర్వాత తగిలించాలి. కాబట్టి తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి తిప్పడమంటే పదాలు మార్చడం కాదు, బండిని వెనక్కి తిప్పి నడపడం. నా వాక్యం ఆ రోజు ఎందుకు తెగిపోయిందో నాకు అర్థమయ్యేసరికి చాలాకాలం పట్టింది. నాకు పదాలు దొరక్క కాదు. నేను తల దగ్గర మొదలుపెట్టాను, ఇంగ్లిష్‌కు తోక ముందు కావాలి.

అందుకే నేను ఇచ్చే మొదటి సలహా గ్రామర్‌కు సంబంధించింది కాదు. నోరు తెరిచేముందు, ఈ విషయాన్ని తెలుగులో చెబితే చివర ఏ మాటతో ముగిస్తానో పట్టుకోండి. దాన్నే ముందు అనేయండి. "ద టెస్ట్ ఫెయిల్డ్." మూడు మాటలు, అయిపోయింది. ఇక మీ చేతికి సమయం వచ్చింది. "వై?" అని వాళ్లే అడుగుతారు, లేదా మీరే ఇంకో చిన్న వాక్యం కలుపుతారు. "టూ కాలమ్స్ వర్ రాంగ్." హాడ్ బీన్‌ల అవసరమే రాదు. ఇలా ముక్కలుగా చెబితే చిన్నపిల్లల ఇంగ్లిష్‌లా ఉంటుందేమోనని భయం. మీటింగుల్లో బాగా మాట్లాడతారని పేరున్నవాళ్లను ఓ పది నిమిషాలు గమనించండి, వాళ్లు చేసేదీ అదే.

ఇదే తోక గొడవ ఇంకోచోట కూడా కొంప ముంచుతుంది. "ఫైల్ ఇంకా రాలేదా?" అని తెలుగులో అడిగితే "అవును, రాలేదు" అనొచ్చు. ప్రశ్నలో ఉన్నదాన్ని ఒప్పుకుంటున్నాం కాబట్టి. ఇంగ్లిష్‌లో అదే ప్రశ్నకు వట్టి యెస్ అంటే వచ్చిందని అర్థం. కాబట్టి కాదు అనే ప్రశ్నకు ఎప్పుడూ ఒంటి యెస్ అనకండి, "నో, ఇట్ హాజంట్" అని పూర్తిగా అనండి.

ఇక నోటికి అలవాటు ఎలా? దీనికి 4/3/2 అని ఒక పాత పద్ధతి ఉంది. కీత్ మారిస్ అనే టీచర్ 1983లో దీని గురించి రాశాడు, తర్వాత పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు దాన్ని పరీక్షించాడు. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మూడో మనిషికి రెండు నిమిషాల్లో చెప్పాలి. విషయం మారదు, సమయం తగ్గుతుంది. మొదటిసారి వాక్యాలు వెతుక్కుంటారు. మూడోసారికి అవి దొరికే చోట ఉంటాయి, నోరు వాటిని తీసి వాడుకుంటుంది. వేగం పెరిగింది, తడబాట్లు తగ్గాయి అని నేషన్ చూశాడు. 2011లో ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి పట్టారు. ఒకే టాపిక్‌ను మళ్లీ మళ్లీ చెప్పినవాళ్లకు వచ్చిన ధారాళత కొత్త టాపిక్‌లోనూ నిలిచింది. ప్రతిసారీ కొత్త టాపిక్ మీద మాట్లాడినవాళ్లకు అలా నిలవలేదు. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో రోజుకో టాపిక్ ఇవ్వడం ఎందుకు పెద్దగా పనికిరాదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బిజీగా ఉండేవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. టాపిక్ వెతుక్కోనక్కర్లేదు. రేపు మీటింగ్‌లో మీరు చెప్పాల్సిన అప్‌డేటే టాపిక్. వినేవాళ్లు లేకపోతే ఫోన్‌కు చెప్పండి. నేను నడిచేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడేవాణ్ని, ఎదురొచ్చేవాళ్లు ఎవరితోనో కాల్‌లో ఉన్నాననుకునేవారు. మొదటిసారి నాలుగు నిమిషాలు, అందులో సగం "అంటే... యాక్చువల్లీ..." అనడమే. మూడోసారి రెండు నిమిషాల్లో అయిపోయేది. మొత్తం తొమ్మిది నిమిషాలు. పెదాలు కదలాలి, శబ్దం బయటికి రావాలి. మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు, మనసులో అందరం బాగానే మాట్లాడతాం.

రికార్డు చేసుకుని వినడం మాత్రం నరకం. మొదటి రోజు నా గొంతు నేను ఇరవై సెకన్లకు మించి వినలేకపోయాను. కానీ విన్న ఆ కాస్తలోనే నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. ఆగాల్సిన చోట ఆగడం లేదు, ఆగకూడని చోట ఆగుతున్నాను. సొంత భాషలో మాట్లాడేవాళ్లూ ఆగుతారు, అయితే ఎక్కువగా వాక్యానికీ వాక్యానికీ మధ్య. రెండో భాషలో మాట్లాడేవాళ్లు వాక్యం నడుమ ఆగిపోతారు. వినేవాళ్లకు ఇబ్బంది కలిగించేది మౌనం కాదు, అది వచ్చే చోటు. ముక్క పూర్తి చేసి రెండు సెకన్లు ఊరుకోండి, ఆలోచించి మాట్లాడుతున్నారనుకుంటారు.

పదాల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. పాల్ నేషనే 2006లో వేసిన లెక్క ప్రకారం మూడు వేల పద కుటుంబాలతో (ఒక పదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) మాట్లాడే ఇంగ్లిష్‌లో దాదాపు 95 శాతం నడుస్తుంది. పదేళ్లుగా ఇంగ్లిష్‌లో పని చేస్తున్న మనిషికి అవి ఎలాగూ తెలుసు. కొత్తగా నేర్చుకోవాల్సినవి ఏవైనా ఉంటే అవి పదాలు కావు, రెడీమేడ్ ముక్కలు. ఎవరో మధ్యలో దూరితే "లెట్ మీ ఫినిష్ దిస్", జవాబు తెలియకపోతే "ఐ విల్ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ", అర్థం కాకపోతే "డూ యూ మీన్..." అంటూ వాళ్ల మాటనే తిరిగి అప్పజెప్పడం. ఇవి ఆలోచించకుండా నోట్లోంచి రావాలి. వీటిని అంటున్నంతసేపూ వెనకాల తర్వాతి వాక్యం తయారవుతుంది. ఆ రోజు నాకు "దేర్ ఈజ్ వన్ ప్రాబ్లమ్ విత్ ఫ్రైడే" అనే ఒక్క ముక్క నోట్లో ఉంటే సరిపోయేది.

యాస మార్చుకోవాలా? అక్కర్లేదు. యాస ఎంత బలంగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చని మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లోనే చూపించారు. ప్రపంచంలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో అది మాతృభాష కానివాళ్లే ఎక్కువ. వాళ్ల మధ్య ఏ తప్పుల వల్ల మాట అర్థం కాకుండా పోతోందో జెనిఫర్ జెంకిన్స్ అనే భాషావేత్త పరిశీలించింది. ‘థింక్’లో నాలుక పళ్ల మధ్య పెట్టారా లేదా అన్నది ఆ జాబితాలో లేదు. అచ్చుల నిడివి, వాక్యంలో ఏ మాటను ఒత్తి పలకాలన్నది ఉన్నాయి. ఆ జాబితా సంగతి అలా ఉంచితే, ఒక్కో మాట లోపల ఏ అక్షరాన్ని ఒత్తాలన్న దగ్గర కూడా మనకు దెబ్బ తగులుతుంది. మనం అక్షరాలన్నిటినీ దాదాపు సమానంగా పలుకుతాం, ఇంగ్లిష్ ఒకదాన్ని లేపి మిగతావాటిని మింగేస్తుంది. డెవలప్‌మెంట్‌లో బలం ‘వె’ మీద ఉండాలి, మనం ‘డె’ మీద వేస్తాం. ఫొటోగ్రాఫ్‌లో బలం మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండో దాని మీదికి జరుగుతుంది. మీ పనిలో రోజూ దొర్లే ఓ ముప్పై మాటలకు డిక్షనరీలో బలం ఎక్కడుందో చూసుకుంటే చాలు. అమెరికా యాస కోసం డబ్బు కట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు జాలేస్తుంది.

డబ్బు అనగానే ప్రకటనలు గుర్తొస్తాయి. ముప్పై రోజుల్లో ఫ్లూయెంట్! ఒక లెవెల్ నుంచి పై లెవెల్‌కు వెళ్లడానికి టీచర్ సాయంతో సుమారు 200 గంటలు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ చెబుతుంది. ముప్పై రోజులకు పంచితే రోజుకు ఆరున్నర గంటల పైనే. ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు కుదిరే పని కాదు. లెవెల్ పెంచుకోవడం ఒక పని, ఉన్న లెవెల్‌ను నోటికి తెచ్చుకోవడం వేరే పని. ప్రకటన మొదటిది అమ్ముతుంది, మనకు కావలసింది రెండోది.

ఇప్పుడు ఏఐతో మాట్లాడే యాప్‌లు వచ్చాయి. నేనూ వాడుతున్నాను. నవ్వదు, విసుక్కోదు, అర్ధరాత్రి అయినా ఉంటుంది. జూనియర్ల ముందు తప్పు మాట్లాడితే పరువు పోతుందని భయపడే సీనియర్లకు, అంటే మనలో సగం మందికి, ఇది మంచి ఏర్పాటు. లోపం కూడా ఆ మంచితనంలోనే ఉంది. మీరు ఆగినంతసేపు అది ఎదురుచూస్తుంది, ఎంత వంకరగా చెప్పినా అర్థం చేసుకుంటుంది. మీటింగ్‌లో మనుషులు ఈ రెండూ చేయరు. కాబట్టి యాప్‌లో మూడుసార్లు చెప్పిన విషయాన్ని అదే రోజు మనిషికి ఒకసారి చెప్పాలి. టీమ్‌లో నమ్మకమైనవాళ్లు ఒక్కరున్నా చాలు.

ఈ మధ్య మళ్లీ అలాంటి కాలే వచ్చింది. శుక్రవారానికి అవుతుందా అని అడిగారు. "నో. ద టెస్ట్ ఫెయిల్డ్" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఊరుకున్నాను. తర్వాత ఫైల్ సంగతి, కాలమ్స్ సంగతి ముక్కలుగా చెప్పాను. మూడో వాక్యంలో వర్ అనాల్సిన చోట వాజ్ అన్నానని నాకు వెంటనే తెలిసింది. అవతలాయన అది పట్టించుకోలేదు. కొత్త ఫైల్ ఎప్పుడొస్తుందని అడిగాడు.